మరుపు ధ్రువపత్రం

సత్యవేణి చేసిన నేరం చెప్పుకుంటే చాలా చిన్నది. ఇంట్లో వాడేసిన వస్తువొకటి అమ్మాలనుకుంది.

అంతకుముందు ఆవిడ అమ్మనివి లేవు. పాత మిక్సీ అమ్మింది. భర్త సూర్యారావు నడిచి బజారుకెళ్లి వచ్చేలోగా అతని స్కూటరు అమ్మింది. మామగారి పడకకుర్చీని ఆయన అందులో పడుకుని ఉండగానే బేరం పెట్టిందని కాకినాడ జగన్నాయకపురంలో చెప్పుకుంటారు గాని, అది అబద్ధం. ఆయన అప్పుడు లేచి కాఫీ తాగుతున్నాడు. ఇన్ని అమ్మినా ఆవిడని ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. పాత స్కూటరు కొన్నవాడికి, దాన్ని నడపడం సూర్యారావు మర్చిపోయాడా లేదా అన్న అనుమానమే రాలేదు.

ఈసారి అమ్మదలచింది ఇంటిబడి పెట్టె. పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రుల కోసం ఒక కంపెనీ తయారుచేసిన పెట్టె అది. అందులో పూసల చట్రం, అక్షరాల చెక్కలు, భిన్నాలు నేర్పే చక్రాలు, చిన్న గ్లోబు, ఇరవై నాలుగు అభ్యాస పుస్తకాలు ఉంటాయి. సత్యవేణి కూతురు రోహిణికి ఏడో ఏట తుంటి ఎముక మెత్తబడిందని డాక్టర్లు నడుం నుంచి మడమల దాకా సిమెంటు కట్టు వేసి మంచానికి అప్పజెప్పారు. ఆ రెండేళ్లూ తల్లి ఆ పెట్టె ముందేసుకుని, తనకి రానిది ముందురోజు తను నేర్చుకుని, పిల్లకి చెప్పింది. ఇప్పుడు రోహిణికి తొమ్మిదేళ్లు. చక్కగా నడుస్తోంది, వీధి చివర బళ్లో నాలుగో తరగతి చదువుతోంది. పెట్టె అటక మీద ఉంది.

రోహిణిని ఇంకా కాలి కసరత్తుకి తీసుకెళ్లే ఆస్పత్రి గదిలో, బల్ల మీద పక్కన కూర్చున్నావిడ షకీలా. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆవిడ కూతురు నూరీకి ఏడేళ్లు. అదే జబ్బు, అదే కట్టు.

"పొద్దున్నించీ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోందక్కా," అంది షకీలా. "ఎన్నిసార్లు లెక్కపెట్టినా అవి మూడే కదండీ. జూన్‌లో కట్టు విప్పుతారంట. అప్పటికి రెండో తరగతి పరీక్ష రాయగలిగితేనే సీటు ఉంచుతారంట బళ్లో. లేకపోతే పేరు కొట్టేస్తామన్నారు."

కంపెనీ ఆ పెట్టెలు చేయడం మానేసి రెండేళ్లయింది. ఇక పాతదే దిక్కు. సత్యవేణి ఊరికే తీసుకెళ్లమంది. షకీలా ఒప్పుకోలేదు, ఎంతో కొంత పుచ్చుకోవాల్సిందేనంది. సరేనని సత్యవేణి ఇంటికొచ్చి, తమ వీధి ఆడవాళ్ల వాట్సాప్ గుంపులో ఒక ప్రశ్న పెట్టింది. "ఒక్క పిల్ల మాత్రమే వాడిన ఇంటిబడి పెట్టెకి ఎంత అడగొచ్చు?"

ఎవరూ జవాబివ్వలేదు. మర్నాడు పొద్దున్నే జీపొచ్చింది.

జీపులోంచి ఇద్దరు దిగి, అటక మీది పెట్టె దింపించి, బీరువాలో పెట్టించి, బీరువాకి లక్కముద్ర వేశారు. సత్యవేణి చీరలు కూడా అందులోనే ఉన్నాయని మొత్తుకుంది. "చీరలకి అభ్యంతరం లేదమ్మా. కావాలంటే ముద్ర వేయకముందే చెప్పవలసింది," అన్నారు. నోటీసొకటి చేతిలో పెట్టారు. దాని మీద 'గృహవిద్యా సామగ్రి పునర్విక్రయ నియంత్రణ కార్యాలయం' అని ఉంది. అలాంటి ఆఫీసొకటి ఊళ్లో ఉందని సత్యవేణికే కాదు, దాని ఎదురుగా ఇరవై ఏళ్లుగా టీకొట్టు నడుపుతున్నవాడికి కూడా తెలీదు.

జాయింటు నియంత్రణాధికారి చిదంబరేశ్వరరావుగారు నిజాయితీపరుడు. లంచం తీసుకోడు, అబద్ధమాడడు, పదిన్నరకల్లా సీట్లో ఉంటాడు. అందుకే ఆయన చేతిలో పడ్డ పని ఏదీ తెమలదు. ఎదురుగా కూర్చున్న సత్యవేణికి ఆయన విషయం విశదపరిచాడు.

"సదరు పెట్టె మీద ఏముందో తమరు చదివినట్టు లేదు. 'ఒక పెట్టె, ఒక బిడ్డ.' అనగా, అందలి జ్ఞానం ఒక యూనిట్. తమ కుమార్తె దాన్ని వినియోగించుకున్నది. ఇప్పుడు పెట్టె మరొకరికి బదిలీ అయితే, అందలి జ్ఞానం కూడా పెట్టెతో పాటు బదిలీ కావాలా వద్దా?"

"పుస్తకాల్లో రాసినవన్నీ రబ్బరుతో తుడిచేశానండి. ఒక్క గీత కూడా లేదు."

"పుస్తకంలో తుడిచారు. బుర్రలో తుడిచారా?"

సత్యవేణి నోరు వెళ్లబెట్టింది.

"కంగారు పడకండి. ఒక పెట్టెలోని జ్ఞానం ఏకకాలంలో ఇద్దరు పిల్లల వద్ద ఉంటే దాన్ని ద్వంద్వ జ్ఞానం అంటాం. అది నిబంధనలకి విరుద్ధం. తమ కుమార్తె సదరు జ్ఞానాన్ని సంపూర్ణంగా మరచిపోయినట్టు మేము పరీక్ష నిర్వహించి, మరుపు ధ్రువపత్రం జారీ చేస్తాం. ఆపైన తమరు నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు."

"పోనీ అమ్మనండి. ఊరికే ఇచ్చేస్తాను."

చిదంబరేశ్వరరావుగారు కుర్చీలో వెనక్కి జరిగాడు. "అంత పని చేయకండి. అది ఉచిత జ్ఞాన వితరణ కిందికి వస్తుంది. దాని శిక్ష వేరే."

పరీక్ష వచ్చే బుధవారమన్నారు. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులిచ్చి సరైనది ఎంచుకోమంటారు. మంగళవారం రాత్రి అన్నాలప్పుడు సత్యవేణి కూతురికి నచ్చజెప్పింది. ఏదడిగినా రాదనాలి, తెలీదనాలి. రోహిణి అన్నం కలపడం ఆపేసింది.

"తెలిసింది తెలీదని ఎలా చెప్తానమ్మా? నువ్వేగా, జవాబు రాశాక ఇంకోసారి సరిచూసుకోమన్నావు?"

మర్నాడు పిల్ల వెళ్లి పరీక్ష రాసి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. మిగతా రెండూ ప్రశ్నల్లోనే తప్పులున్నాయని పక్కన పెన్సిలుతో రాసి, సరిదిద్ది కూడా పెట్టింది. ఆ సరిదిద్దడాన్ని అధికారులు విడిగా ఇంకో ఫైలు చేశారు.

రెండోసారి తల్లి వేరే ఉపాయం పన్నింది. రాదనొద్దు, అబద్ధం ఆడొద్దు, ఉత్త ఆట అనుకో, ప్రతిదానికీ తప్పు జవాబు మీద టిక్కు పెట్టు అంది. ఆటంటే రోహిణికి ఇష్టం. శ్రద్ధగా ఆడి, వందకి సున్నా తెచ్చుకుంది. సత్యవేణి సంబరపడిపోయి, షకీలాకి కబురు కూడా పెట్టేసింది. తీరా ఆఫీసుకి వెళితే చిదంబరేశ్వరరావుగారి మొహం గంభీరంగా ఉంది.

"వంద ప్రశ్నలకి వందా తప్పు రావాలంటే, వంద సరైన జవాబులూ తెలిసి ఉండాలి. దీన్ని బుద్ధిపూర్వక జ్ఞాన సంగోపనం అంటాం. నిజంగా మరచిపోయినవాడు గుడ్డిగా టిక్కు పెడతాడు. నాలుగింట ఒకటి తగులుతుంది. కాబట్టి ఉత్తీర్ణతకి రావలసినవి ఇరవై అయిదు మార్కులు. ఒకటి అటూ ఇటూ అయితే చూస్తాం. కచ్చితంగా ఇరవై అయిదొస్తే డిస్టింక్షను."

"పోనీ ఖాళీ కాగితం ఇస్తేనో?"

"అది సహాయ నిరాకరణ."

ఆఫీసు మెట్లు దిగి వస్తుంటే, ఎదురుగోడ మీద సత్యవేణికి పెద్ద ఫ్లెక్సీ కనబడింది. అందులో నలభై మంది పిల్లల ఫొటోలు, ఒక్కొక్క ఫొటో కింద ఎర్రటి అంకె. ఇరవై అయిదు, ఇరవై అయిదు, ఇరవై అయిదు, ఇరవై అయిదు. 'మరుపు పరీక్షలో మాదే రికార్డు! విస్మృతి అకాడమీ. అడ్మిషన్లు జరుగుచున్నవి.' చట్టమొచ్చి ఎన్నాళ్లో కాలేదు గాని, కోచింగు మాత్రం ముందే వచ్చేసింది.

అకాడమీ డైరెక్టరు కొండలరావు నవ్వుమొహం మనిషి. అదే ప్రహరీలో ఆయనకో స్కూలు కూడా ఉంది. ఆ వాకిలి స్కూలుకి, ఈ వాకిలి అకాడమీకి. మాస్టర్లు వాళ్లే, పుస్తకాలూ అవే.

"మరి మరిపించడానికి మీ పద్ధతేంటండీ?" అని అడిగింది సత్యవేణి.

"కొత్త పద్ధతేం లేదమ్మా. పక్క వాకిట్లో చెప్పినట్టే చెప్తాం. పొద్దున్న అయిదింటి నుంచి బట్టీ పట్టిస్తాం. వారం వారం పరీక్ష పెడతాం. పరీక్షయిన మర్నాడు చూస్తే బుర్ర కడిగిన పళ్లెంలా ఉంటుంది. ఇన్నాళ్లూ అది మా లోపమనుకుని బాధపడ్డామండి. గవర్నమెంటు వాళ్లొచ్చి దానికి సర్టిఫికెట్టు ఇస్తామనేదాకా తెలీలేదు మాకు, ఇంత ప్రతిభ ఉందని."

సత్యవేణికి మనసొప్పలేదు. కాని షకీలా ఫోను చేసి, నూరీ ఇప్పుడు గోడమీది బల్లి పిల్లల్ని లెక్కపెడుతోందని, అవి రోజుకో రకంగా ఉండడంతో కాస్త మార్పుగా ఉందని చెప్పింది. అప్పటికి జనవరి వెళ్లిపోయింది. జూను ఎంతో దూరంలో లేదు. సత్యవేణి కళ్లు మూసుకుని రోహిణిని బడి మాన్పించి అకాడమీలో వేసింది.

మూడు వారాలు గడిచాయి. రోహిణి తెల్లారకుండా వెళ్లి, చీకటి పడ్డాక వస్తోంది. వచ్చాక మాట్లాడ్డం లేదు. అకాడమీ వారపు పరీక్షలో మొదట అరవై, తర్వాత నలభై, ఆ తర్వాత ముప్ఫై ఒకటి వచ్చాయి. పిల్ల బాగా మెరుగవుతోందని కొండలరావు ఫోను చేసి అభినందించాడు.

ఆ ఆదివారం పొద్దున్న సత్యవేణి పెసరట్లు పోస్తూ, ఎప్పుడూ అడిగినట్టే కూతుర్ని అడిగింది.

"నాన్నకి రెండు, నీకు రెండు, నాకు మూడు. ఎన్ని పొయ్యాలే?"

రోహిణి తల్లి మొహంలోకి అలాగే చూసింది. "ఆప్షన్లేంటమ్మా?" అంది.

సత్యవేణి చేతిలో గరిటె ఆగిపోయింది. అట్టు మాడి పొగలొస్తున్నా కదల్లేదు. రెండేళ్లు మంచం పక్కన కూర్చుని, గింజ గింజా ఏరినట్టు ఆ బుర్రలో పోసినదంతా తన చేతుల్తో తనే పారబోస్తోందని అప్పుడు తెలిసింది ఆవిడకి. పొయ్యి కట్టేసి, పిల్లని దగ్గరికి లాక్కుని, ఇంకెప్పుడూ ఆ అకాడమీకి వెళ్లక్కర్లేదు, రేపట్నుంచి మళ్లీ బడికేనంది. రోహిణి మొహం తల్లి కొంగులో పెట్టేసి, చాలాసేపటికి, "ఏడు," అంది.

ఆ మధ్యాహ్నమే కూతుర్ని వెంటబెట్టుకుని షకీలా ఇంటికి వెళ్లింది.

"పెట్టె బీరువాలో ఉంది షకీలా. పెట్టెలోది మాత్రం దీని దగ్గరుంది. అదీ పోకముందే నూరీకి చెప్పించేద్దాం."

పెట్టె లేకపోతేనేం, షకీలా ఇంట్లో బొత్తాలున్నాయి. అవి పూసలయ్యాయి. సుద్దతో గుడ్డ మీద గీతలు గీస్తే అక్షరాలయ్యాయి. చపాతీని నాలుగు ముక్కలు చేస్తే భిన్నాలయ్యాయి, చివరికి తినడానికి కూడా పనికొచ్చాయి. అన్నింటికన్నా నూరీకి నచ్చింది అమ్మ కొలతల టేపు. పడుకున్నచోటే దాన్ని ఛాతీ మీద పరుచుకుని, ఏడంగుళాలకోసారి మడతపెట్టుకుంటూ ఏడో ఎక్కం నేర్చేసుకుంది. రోహిణి రోజూ బడి నుంచి తిన్నగా అక్కడికే వెళ్లేది. మొదటి వారం తనే తడబడేది. నూరీ "ఎందుకు?" అని అడిగినప్పుడల్లా ఆగి, వెతుక్కుని, పట్టుకుని చెప్పేది. నెల తిరిగేసరికి పోయిందనుకున్నదంతా వెనక్కి వచ్చేసింది, ఇంకాస్త కూడబెట్టుకుని మరీ.

ఇలాంటి ఘోరాలు ఎన్నాళ్లో దాగవు. మే నెలాఖర్లో ఓ రోజు, సత్యవేణి కూడా అక్కడ ఉండగానే, షకీలా ఇంటి ముందు జీపాగింది. ఈసారి సిబ్బందిని వెంటబెట్టుకుని చిదంబరేశ్వరరావుగారే స్వయంగా దిగాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నూరీని మర్యాదగానే ప్రశ్నించాడు.

"ఏడు నాలుగులు ఎంతమ్మా?"

"ఇరవై ఎనిమిదండి," అంది నూరీ, టేపు కూడా చూడకుండా.

"పెట్టె మా ముద్రలో ఉన్నది. మరి నీకీ జ్ఞానం ఎక్కడిది?"

షకీలా మిషను ఆగిపోయింది. సత్యవేణి ఏదో అనబోయేలోగా రోహిణి ముందుకొచ్చింది. "నేనే చెప్పానండి."

"నువ్వు చెప్పాక నీ దగ్గర తగ్గాలి కదా. ఏ మేరకు తగ్గింది?"

"తగ్గలేదండి. చెప్తుంటే నాకే ఇంకా బాగా వచ్చేసింది."

చిదంబరేశ్వరరావుగారి కలం కాగితం మీద ఆగిపోయింది. పెరిగిందా? ద్వంద్వ జ్ఞానానికి కాలమ్ ఉంది గాని, పెరిగిన జ్ఞానానికి ఫారంలో చోటే లేదు. ఆయన నుదురు తుడుచుకుంటుంటే రోహిణి అడిగింది.

"మీకు ఎక్కాలు ఎవరు చెప్పారండి?"

"మాకా? మా ఊళ్లో వీరభద్రయ్య మాస్టారని..."

"మీకు చెప్పేశాక ఆయన మర్చిపోయారాండి?"

చిదంబరేశ్వరరావుగారు ఎక్కడో చూస్తున్నాడు. చెప్పులు లేకుండా ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్లిన బడి కళ్ల ముందు కదిలిందో ఏమో, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కళ్లలో నీళ్లు సత్యవేణి స్పష్టంగా చూసింది. గండం గడిచింది, మనిషి కరిగాడు అనుకుంది. షకీలా మంచినీళ్లు తేవడానికి లేచింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, సంచిలోంచి కొత్త ఫారం తీశాడు.

"ఇంత పెద్ద ఉల్లంఘన మా దృష్టికి రాకపోవడం విచారకరం. నలభై ఒక్క సంవత్సరాలు బోధించాడాయన. ఎందరికో! మాస్టారి చిరునామా కనుక్కోండయ్యా."

పది రోజుల తర్వాత విచారణ పెట్టారు. ఆఫీసు హాలు నిండా తల్లులు, పిల్లలు, నోటీసులు. సత్యవేణి, షకీలా పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చారు. నూరీకి రెండు రోజుల కిందటే కట్టు విప్పారు, షకీలా చెయ్యి పట్టుకుని అడుగులేస్తోంది. పదకొండు గంటలకి ఓ ముసలాయన గొడుగు ఊతంగా వచ్చాడు. ఎనభై నాలుగేళ్లుంటాయి. చేతిలో నోటీసుంది. నలభై ఒక్క ఏళ్లు చెప్పినదంతా మరచిపోయినట్టు రుజువు చేసుకోవాలని అందులో ఉంది.

"ఎంతసేపవుతుందండీ?" అని ప్యూనుని అడిగాడు వీరభద్రయ్య మాస్టారు.

"ఆయ్, సాయంత్రం అయిపోవచ్చండి."

"అందాకా ఇంతమంది పిల్లలు ఊరికే కూర్చోడం ఎందుకూ? ఏడో ఎక్కం ఎవరికొచ్చర్రా?"

నూరీ చెయ్యెత్తింది. ఆ పిల్ల మొదలెట్టింది, రోహిణి అందుకుంది, మిగతా పిల్లలు ఒక్కొక్కరే కలిశారు. కాసేపటికి తల్లులు కూడా కలిశారు. హాలు కప్పు ఎగిరిపోయేలా ఉంది. లోపల్నుంచి చిదంబరేశ్వరరావుగారు మండిపడుతూ బయటికొచ్చాడు.

"నిశ్శబ్దం! ఇది నియంత్రణ కార్యాలయం! ఇక్కడ బహిరంగంగా..."

మాస్టారు తలెత్తి చూశాడు. చూపు ఆనడం లేదు గాని గొంతు పోల్చుకున్నాడు.

"చిదంబరం! ఏడెనిమిదులు?"

జాయింటు నియంత్రణాధికారి నడుం దానంతటదే నిటారైంది. చేతులు కట్టుకున్నాయి.

"యాభై ఆరండి!"

ఆయన వెనకే ఫైలు పట్టుకుని నిలబడ్డ గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, పద్నాలుగో నిబంధన ప్రకారం... ఒకరి వద్ద ఉన్న జ్ఞానమే తమ వద్దా ఉన్నట్టు సాక్షుల సమక్షంలో తేలింది. ధ్రువపత్రం లేనివారు ఏ పత్రం మీదా సంతకం చేయకూడదు. ఇంతవరకు తమరు వేసిన ముద్రలు, ఇచ్చిన నోటీసులు కూడా చెల్లవు."

ఇంకెవరైనా అయితే గుమాస్తాని కసిరి గదిలోకి పోయేవాడు. ఈయన నిజాయితీపరుడు. నిబంధన తెప్పించుకుని రెండుసార్లు చదివి, "నిజమే," అన్నాడు.

ఇంటికి రాగానే సత్యవేణి బీరువా లక్క పగలగొట్టి, మొదట చీరలు, తర్వాత పెట్టె బయటికి తీసింది. నూరీకి ఇక దాని అవసరం లేదు. జూన్‌లో పరీక్ష రాసింది, సీటు నిలిచింది. ఆస్పత్రి బల్ల మీద అప్పటికే ఇంకో తల్లి, కట్టుతో ఇంకో పిల్ల వచ్చి కూర్చున్నారు. పెట్టె వాళ్లింటికి వెళ్లింది, ఏ గుంపులోనూ ఏ ప్రశ్నా పెట్టకుండా.

చిదంబరేశ్వరరావుగారు ఇప్పటికి మూడుసార్లు మరుపు పరీక్ష రాశాడు. అబద్ధమాడడం చేతకాక మూడుసార్లూ వందకి వంద తెచ్చుకున్నాడు. సెలవు పెట్టి అకాడమీలో చేరాడు. పొద్దున్నే సంచి తగిలించుకుని వచ్చి, ముందు బల్లలో, కిటికీ పక్కన కూర్చుంటాడు. కొండలరావు ఆయన మీద చాలా ఆశలు పెట్టుకున్నాడు గాని, మాస్టారి దగ్గర నేర్చుకున్నది కావడంతో కదలడం లేదు.

రోహిణి, నూరీ బడికి వెళ్లేది ఆ దారినే. ఓ రోజు నూరీ కిటికీ దగ్గర ఆగి, చువ్వలు పట్టుకుని, "ఏడు నాలుగులెంతండీ?" అని అడిగింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. అకాడమీ మాస్టరు బోర్డు వైపు తిరిగి ఉన్నాడు.

"ఇరవై ఎనిమిదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరితోనూ అనకు."